ఒక చీటీ ఖరీదు

హతసాక్షుల గురించి ప్రసంగం విన్న ప్రతిసారీ మనసులో ఒక ప్రశ్న లేస్తుంది. దాన్ని పైకి అడగం, పక్కవాళ్లకు చెప్పం. ‘నాకే అలాంటి రోజు వస్తే నేను నిలబడగలనా?’ అన్నదే ఆ ప్రశ్న. ఆరాధనలో కళ్లు చెమరుస్తాయి, గొంతెత్తి పాడతాం. ఇంటికి వెళ్లాక మాత్రం మన బలహీనత మనకు తెలుసు. పై అధికారి ముఖం చిట్లిస్తాడేమోనని బైబిల్‌ను సంచి అడుగున దాచుకుంటాం. బంధువులు నవ్వుతారేమోనని భోజనానికి ముందు ప్రార్థన మానేస్తాం. ఇలాంటి మనం సింహాల బోను ముందు నిలబడగలమా?

ఈ ప్రశ్న వేసుకోవడం అవిశ్వాసం కాదు. వేసుకోకపోవడమే ప్రమాదం. అందరూ విడిచిపోయినా తాను మాత్రం విడువనని ప్రభువుకు మాటిచ్చిన పేతురు ఈ ప్రశ్న వేసుకోలేదు. ఆ రాత్రే ప్రధాన యాజకుని ఇంటి ముంగిట్లో, చలిమంట దగ్గర, ఒక పనిపిల్ల మాటకు తడబడటం మొదలుపెట్టి, కోడి కూసేలోగా మూడుసార్లు ఆయనెవరో తనకు తెలియదన్నాడు (లూకా 22:54-62). అతని మెడ మీద ఎవరూ కత్తి పెట్టలేదు. ఒక చూపు, ఒక ప్రశ్న, అంతే!

మరి శ్రమల్లో నమ్మకంగా నిలవడం అంటే ఏమిటి? ఎన్నడూ వణకకపోవడమా? ఎన్నడూ పడకపోవడమా? పడిన వాడి సంగతేమిటి? ఈ ప్రశ్నలన్నీ సంఘం ఒకేసారి ఎదుర్కొన్న కాలం ఒకటుంది. అది క్రీస్తుశకం 250వ సంవత్సరం.

అంతకుముందు ఏడాది, అంటే 249లో, డీషియస్ అనే సేనాని రోమా చక్రవర్తి అయ్యాడు. సరిహద్దుల్లో యుద్ధాలు, లోపల అశాంతి. దేవతలకు కోపం వచ్చింది కాబట్టే ఇదంతా జరుగుతోందని ఆనాటి వాళ్ల నమ్మకం. అందుకే డీషియస్ ఒక ఆజ్ఞ జారీ చేశాడు. సామ్రాజ్యంలోని ప్రజలంతా తమ ఊళ్లోని అధికారుల ముందుకొచ్చి దేవతలకు బలి అర్పించాలి, పానార్పణ పోయాలి, బలి మాంసం రుచి చూడాలి. ఆ పని చేసినట్టు ఒక చీటీ రాయించుకోవాలి.

ఆ చీటీలు కథలు కావు. ఐగుప్తు ఇసుకలో పపైరస్ ముక్కల మీద రాసినవి నలభైకి పైగా ఈనాటికీ మిగిలి ఉన్నాయి. వాటిలో మొదటిది 1893లో వెలుగు చూసింది. పేరు, ఊరు, తాను ఎప్పుడూ దేవతలకు బలులు అర్పిస్తూనే వచ్చానన్న మాట, ఇప్పుడు అధికారుల ఎదుట కూడా అర్పించానన్న మాట, కింద సాక్షుల సంతకాలు, తేదీ. ఇంతే ఆ చీటీ. అందులో ‘క్రీస్తు’ అన్న మాటే లేదు. ఆజ్ఞ అందరికీ కాబట్టి మొసలి దేవుడి గుడి పూజారిణి కూడా అలాంటి చీటీ తీసుకుంది. ఆమెకు అది ఒక కాగితం మాత్రమే. కాని ఏకైక దేవుణ్ణి తప్ప మరెవరినీ ఆరాధించనని బాప్తిస్మంలో ఒప్పుకున్న విశ్వాసికి అది తన జీవితమంతటి ఖరీదు!

అప్పుడు సంఘం ఏం చేసింది? కొందరు నిలబడ్డారు. రోమ్‌ బిషప్ ఫేబియన్ 250 జనవరిలోనే ప్రాణం అర్పించాడు. యెరూషలేము బిషప్ అలెగ్జాండర్ చెరసాలలో కన్నుమూశాడు. ఆనాటి గొప్ప బైబిల్ పండితుడు ఓరిజెన్‌ను వృద్ధాప్యంలో చిత్రహింసలు పెట్టారు. ఆయన లొంగలేదు. వీళ్ల గురించి మనం తరచూ వింటాం. కాని నిలబడని వాళ్ల గురించి ఎవరూ ప్రసంగించరు. వాళ్లు కొద్దిమంది కాదు, వేలమంది.

ఉత్తరాఫ్రికాలో, నేటి ట్యునీషియా తీరాన, కార్తేజ్ అనే మహానగరం ఉండేది. అక్కడి బిషప్ సిప్రియన్. ‘పడిపోయినవారిని గురించి’ అని ఆయన రాసిన పుస్తకంలో ఆ రోజుల సంగతులున్నాయి. అవి చదివితే గుండె బరువెక్కుతుంది. అధికారులు పట్టుకుని ఈడ్చుకెళ్లకముందే విశ్వాసులు తమంతట తామే నగర కూడలికి పరుగెత్తారట. సాయంత్రమైంది, రేపు రమ్మని అధికారులంటే, ఈ రోజే పని కానివ్వండి అని బతిమాలుకున్నారట. కొందరు ఒకరినొకరు ప్రోత్సహించుకుంటూ వెళ్లారు. కొందరు తమ పసిబిడ్డలను కూడా చంకనెత్తుకుని వెళ్లారు.

ఒక్క రోజులో ఇంతమంది ఎలా పడిపోయారు? వాళ్లు ఆ రోజు పడలేదనేదే సిప్రియన్ జవాబు. అంతకుముందే, శాంతి ఉన్న కాలంలోనే పడిపోయారంటాడాయన. చాలాకాలంగా హింస లేదు. అందరూ ఆస్తులు పెంచుకోవడంలో మునిగిపోయారు. కాపరులు మందను వదిలి వ్యాపారాల కోసం ఊళ్లు తిరిగారు. సంఘంలో పేదలు ఆకలితో ఉంటే నాయకులు డబ్బు కూడబెట్టారు. మాట తప్పడం, మోసం, కలహం మామూలైపోయాయి. అలాంటప్పుడు అధికారి ముందుకెళ్లి నోటితో అన్న మాట కొత్తదేమీ కాదు. బతుకుతో రోజూ అంటున్నదే! ఆస్తి ఉన్నవాళ్లు పారిపోవడానికి కూడా వీల్లేకపోయింది. ఆస్తే వాళ్ల కాళ్లకు సంకెలైంది. వదిలి వెళ్లడం ఎన్నడూ నేర్చుకోని వాళ్లు ఆ ఒక్క రాత్రిలో ఎలా నేర్చుకుంటారు?

ఇది మనకు మొదటి పాఠం. పరీక్ష రోజున కొత్త బలం ఎక్కడి నుంచో ఊడిపడదు. మామూలు రోజుల్లో ఎవరికి లోబడ్డామో ఆ రోజునా వాళ్లకే లోబడతాం. కొద్దిలో నమ్మకంగా ఉన్నవాడే ఎక్కువలోనూ నమ్మకంగా ఉంటాడని యేసుప్రభువు చెప్పింది (లూకా 16:10) డబ్బు లెక్కల గురించి మాత్రమే కాదు.

ఆ రోజుల్లో ఇంకో రకం మనుషులు కూడా ఉన్నారు. వాళ్లు బలి అర్పించలేదు, ధూపం వెయ్యలేదు. అధికారికి లంచమిచ్చి, అర్పించినట్టు చీటీ మాత్రం కొనుక్కున్నారు. ‘నేను విగ్రహానికి మొక్కలేదు కదా, ఇది ఉత్త కాగితమే కదా’ అన్నది వాళ్ల వాదన. మనకు బాగా తెలిసిన వాదనే! మనసులో దేవుడున్నాడు కాబట్టి చేతితో చేసిన సంతకం లెక్కలోకి రాదని మనమూ ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాం. దొంగ బిల్లు మీద, తప్పుడు సాక్ష్యం కింద, తీసుకోని కట్నం అని చెప్పి తీసుకున్న కట్నం దగ్గర. ఆ సంతకాల కోసం మనల్ని ఎవరూ హింసించలేదు. అయినా పెట్టేశాం.

చీటీ అనగానే మన తెలుగు సంఘాల్లో చాలామందికి ఇంకో కాగితం గుర్తుకొస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే పరిమితమైంది. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు మాత్రం వర్తింపజేయలేదు. పేరు మారినా పేదరికం మారలేదు, ఊళ్లో చూసే చూపు మారలేదు. అందుకే కాగితం మీద ఒకటి, గుండెలో ఒకటిగా బతుకుతున్న కుటుంబాలున్నాయి. దీన్ని డీషియస్ చీటీతో సమానం చెయ్యడం న్యాయం కాదు. అది ఆరాధనను బలవంతంగా అడిగింది, ఇది అడగదు. అయినా ఆ రెండు పేర్ల మధ్య నలిగే మనస్సాక్షి బాధ చిన్నది కాదు. ఆ బిడ్డ చదువుకు ఒక్క రూపాయి సాయం చెయ్యని సంఘానికి, ఆ బిడ్డ విశ్వాసాన్ని తూకం వేసే హక్కు ఎక్కడిది? బరువు మొయ్యడానికి రాని చెయ్యి రాయి ఎత్తడానికి రాకూడదు. చట్టం మారాలని అడుగుదాం, ప్రార్థిద్దాం. ఈలోగా ఆ కుటుంబాలతో మాట్లాడదాం, వాళ్ల మీద మాట్లాడటం మానేద్దాం.

సిప్రియన్ విషయానికొద్దాం. ఇంత రాసిన ఆయన ఆ హింసలో ఏం చేశాడు? పారిపోయాడు! అవును, 250 ఆరంభంలోనే కార్తేజ్ వదిలి రహస్య స్థలంలో దాక్కున్నాడు. ఆయన్ని పట్టుకోవాలని జనం కేకలు వేస్తున్నారు, ఆయన ఆస్తిని జప్తు చేశారు. తమ బిషప్‌ను అప్పుడే పోగొట్టుకున్న రోమ్ సంఘపు పెద్దలు, తోడేలును చూసి పారిపోయే జీతగాడి ఉపమానాన్ని గుర్తుచేస్తూ ఒక ఉత్తరం రాశారు. ఎంత పదునైన మాట! కాపరి పారిపోయాడన్న నింద ఆయన మెడకు చుట్టుకుంది.

కాని ఆయన చేతులు ముడుచుకుని కూర్చోలేదు. దాక్కున్న చోటు నుంచే ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. చెరసాలలో ఉన్నవాళ్లను చూసుకోమన్నాడు. విధవరాళ్లకు, రోగులకు, పేదలకు తన సొంత డబ్బు పంపించాడు. ఒక పట్టణంలో హింసిస్తే మరో పట్టణానికి పారిపొమ్మని శిష్యులకు చెప్పింది యేసుప్రభువే (మత్తయి 10:23). ఆయన మీద రాళ్లు ఎత్తినప్పుడు ఆయనా మరుగై దేవాలయంలో నుంచి వెళ్లిపోయాడు (యోహాను 8:59). పౌలును గంపలో కూర్చోబెట్టి దమస్కు గోడ మీద నుంచి దించారు (అపొ.కా. 9:25). అదే పౌలు మరో సందర్భంలో కొరడా దెబ్బలకు సిద్ధం చేసిన సైనికాధికారితో తాను రోమా పౌరుణ్ణని చెప్పి చట్టాన్ని అడ్డం పెట్టాడు (అపొ.కా. 22:25). చావును వెతుక్కుంటూ వెళ్లమని లేఖనం ఎక్కడా చెప్పలేదు. దాడి జరిగితే ఫిర్యాదు చెయ్యడం, రాజ్యాంగంలోని 25వ అధికరణ ఇచ్చిన మతస్వేచ్ఛను కోర్టులో అడగడం, ప్రాణభయం ఉన్న కుటుంబాన్ని సురక్షితమైన చోటికి పంపడం అవిశ్వాసం కాదు. శరీరాన్ని కాపాడుకోవడం వేరు, క్రీస్తును వదిలి శరీరాన్ని కాపాడుకోవడం వేరు.

251లో డీషియస్ గోతులతో జరిగిన యుద్ధంలో చనిపోయాడు. హింస సద్దుమణిగింది. సిప్రియన్ ఏడాదికి పైగా గడిపిన అజ్ఞాతవాసం నుంచి తిరిగొచ్చాడు. ఇప్పుడు అసలు సమస్య మొదలైంది. చీటీలు తీసుకున్న వేలమంది ఏడుస్తూ సంఘ ద్వారం దగ్గర నిలబడ్డారు. ‘మమ్మల్ని లోపలికి రానివ్వండి’ అంటున్నారు. ఏం చెయ్యాలి?

ఒక వర్గం వాళ్లు ‘ఏం ఫర్వాలేదు, వచ్చెయ్యండి’ అన్నారు. చెరసాలలో దెబ్బలు తిన్న కొందరు విశ్వాసవీరులు, అడిగిన వాళ్లందరికీ సిఫారసు ఉత్తరాలు రాసిచ్చారు. పశ్చాత్తాపం లేదు, ఒప్పుకోలు లేదు, ఉత్తరం ఉంటే చాలు. రోమ్‌లో నొవేషియన్ అనే నాయకుడు దీనికి పూర్తిగా ఎదురు తిరిగాడు. ఒక్కసారి క్రీస్తును కాదన్నవాడికి సంఘంలో మళ్లీ చోటే లేదన్నాడు. ఎంత ఏడ్చినా, ఎంత కాలమైనా సరే! తలుపు తియ్యకపోవడమే పరిశుద్ధత అనుకున్నాడు.

సిప్రియన్ ఈ రెండింటినీ ఒప్పుకోలేదు. గాయాన్ని చూడకుండా పైన గుడ్డ కప్పితే లోపల కుళ్లుతుంది. గాయమైందని మనిషినే పారేస్తే అది వైద్యం కాదు. 251లో కార్తేజ్‌లో బిషప్పులు సమావేశమై ఒక్కొక్కరి విషయం విడివిడిగా చూడాలని తీర్మానించారు. చీటీ కొన్నవాళ్లను విచారించి చేర్చుకోవాలి. బలి అర్పించినవాళ్లు పశ్చాత్తాపంలో కొనసాగాలి, మరణకాలంలో వాళ్లకు ప్రభు బల్ల నిరాకరించకూడదు. తర్వాత కొద్దికాలానికి మరో హింస రాబోతోందని తెలిసినప్పుడు, పశ్చాత్తాపంలో నిలిచిన వాళ్లందరినీ వెంటనే చేర్చుకున్నారు. ఎందుకు? క్రీస్తు కోసం రక్తం చిందించడానికి సిద్ధపడమని ఎవరికి చెబుతామో, వాళ్లకు క్రీస్తు రక్తపు పాత్ర ఇవ్వకుండా ఎలా పంపుతామని ఆ బిషప్పులు అడిగారు. యోధుణ్ణి యుద్ధానికి పంపేముందు ఆయుధం ఇవ్వాలి కదా! కృప అంటే పాపాన్ని చిన్నదిగా చూపడం కాదు. పడినవాణ్ణి మళ్లీ నిలబడేంత బలవంతుణ్ణి చెయ్యడం.

ఆ కాలపు సంఘటన ఒకటి అలెగ్జాండ్రియా బిషప్ డయోనీషియస్ తన ఉత్తరంలో రాశాడు. సంఘ చరిత్రకారుడు యూసీబియస్ దాన్ని భద్రపరిచాడు. అలెగ్జాండ్రియాలో సెరాపియన్ అనే ముసలాయన ఉండేవాడు. జీవితమంతా నిందలేకుండా బతికాడు. హింస వచ్చినప్పుడు మాత్రం భయపడి బలి అర్పించాడు. ఆ తర్వాత క్షమాపణ కోసం ఎన్నోసార్లు వేడుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. చివరికి జబ్బుపడ్డాడు. మూడు రోజులు మాట పడిపోయి, స్పృహ లేకుండా ఉన్నాడు. నాలుగో రోజు కాస్త తెలివొచ్చింది. కూతురి కొడుకును పిలిచి, త్వరగా వెళ్లి సంఘపెద్దను తీసుకురమ్మన్నాడు. తనను ఎంతకాలం ఇలా పట్టి ఉంచుతారని అడిగాడు. మళ్లీ మాట పోయింది.

పిల్లవాడు రాత్రివేళ పరుగెత్తాడు. ఆ పెద్ద కూడా జబ్బుతో మంచం మీద ఉన్నాడు, లేవలేడు. కాని చనిపోతూ వేడుకునే వాళ్లకు క్షమాపణ నిరాకరించవద్దని బిషప్ ఆదేశం ఉంది. అందుకే ప్రభు బల్ల రొట్టెలో చిన్న ముక్క ఆ పిల్లవాడి చేతికిచ్చాడు. తడిపి తాతయ్య నోట్లో వెయ్యమన్నాడు. పిల్లవాడు దాన్ని పట్టుకుని తిరిగి పరుగెత్తాడు. అతను ఇంట్లోకి అడుగుపెట్టకముందే ముసలాయనకు తెలివొచ్చింది. పెద్ద రాలేకపోయాడని గ్రహించి, నీకు చెప్పిన పని త్వరగా చేసి నన్ను వెళ్లనివ్వమన్నాడు. పిల్లవాడు రొట్టె తడిపి నోట్లో వేశాడు. కొద్దిసేపటికే సెరాపియన్ ప్రాణం విడిచాడు. క్షమాపణ అందే వరకే దేవుడు ఆయన ప్రాణాన్ని నిలిపాడని డయోనీషియస్ నమ్మాడు.

సెరాపియన్‌ను మనం ఏ లెక్కలో రాయాలి? నిలబడినవాళ్లలోనా, పడినవాళ్లలోనా? జీవితమంతా నడిచి, ఒక్కరోజు పడి, మిగిలిన రోజులన్నీ తలుపు తడుతూ గడిపిన మనిషి. చీటీ తీసుకున్న సెరాపియన్ క్రీస్తును వదిలాడు నిజమే, కాని క్రీస్తు సెరాపియన్‌ను వదల్లేదు. నమ్మకత్వం అనే మాటకు అసలు అర్థం మొదట ఆయన దగ్గర ఉంది. మనం నమ్మదగని వాళ్లమైనా ఆయన నమ్మదగినవాడుగానే ఉంటాడని పౌలు తిమోతికి రాశాడు (2 తిమోతి 2:13).

హింస ముగిసిన కొద్దికాలానికే కార్తేజ్‌ను ఒక భయంకరమైన అంటురోగం చుట్టుముట్టింది. చరిత్రలో దానికి ‘సిప్రియన్ ప్లేగు’ అన్న పేరే మిగిలిపోయింది. జనం సొంతవాళ్లనే వీధుల్లో వదిలి పారిపోయారు. అప్పుడు సిప్రియన్ విశ్వాసులను సమకూర్చాడు. మనవాళ్లను మాత్రమే చూసుకుంటే అందులో గొప్పేముందన్నాడు, మనల్ని హింసించిన వాళ్లకూ సేవ చెయ్యాలన్నాడు. ఆయన దగ్గర డీకన్‌గా ఉన్న పొంటియస్ రాసిన సంగతి ఇది. డబ్బున్నవాళ్లు డబ్బిచ్చారు, లేనివాళ్లు కాయకష్టం చేశారు. నిన్నటి దాకా ఆయన్ని సింహాలకు వెయ్యమని కేకలు పెట్టిన ఊరది!

హింసలో క్రీస్తును కాదనకపోవడం ఒక ఎత్తు. హింసించినవాణ్ణి ద్వేషించకపోవడం ఇంకో ఎత్తు. మొదటిది చేసి రెండోది చెయ్యకపోతే మనం గెలిచినట్టు కాదు. నోటితో క్రీస్తును ఒప్పుకుని, గుండెలో పొరుగువాడి మీద విషం నింపుకుంటే అది కూడా ఒక రకమైన చీటీ కొనుక్కోవడమే. హింసించేవారి కోసం ప్రార్థించమన్న ఆజ్ఞ (మత్తయి 5:44) శాంతి రోజుల కోసం ఇచ్చింది కాదు.

257లో వలేరియన్ చక్రవర్తి మళ్లీ హింస మొదలుపెట్టాడు. ఈసారి సిప్రియన్‌ను ప్రవాసానికి పంపారు. మరుసటి ఏడాది ఆజ్ఞ ఇంకా కఠినమైంది. గవర్నరు వేరే ఊళ్లో, యుటికాలో ఉన్నాడని, అక్కడికి తీసుకెళ్తారని తెలిసినప్పుడు సిప్రియన్ కొన్నాళ్లు మరుగయ్యాడు. భయంతో కాదు. బిషప్ తన సొంత సంఘం కళ్లముందే సాక్ష్యమివ్వాలని ఆయన కోరిక. గవర్నరు కార్తేజ్‌కు రాగానే తిరిగొచ్చేశాడు.

అరెస్టయిన రాత్రి విశ్వాసులు ఆయన్ని ఉంచిన ఇంటి ముందు వీధిలోనే జాగారం చేశారు. ఆయనకు తన ప్రాణం గుర్తు రాలేదు, ఆ గుంపులో ఉన్న ఆడపిల్లలను జాగ్రత్తగా చూసుకోమని కబురు పెట్టాడు. 258 సెప్టెంబరు 14న విచారణ జరిగింది. ఆలోచించుకోమని గవర్నరు చెబితే, ఇంత న్యాయమైన విషయంలో ఆలోచించడానికేమీ లేదన్నాడు. మరణశిక్ష చదివి వినిపించారు, దేవునికి స్తోత్రం చెప్పాడు. తలారికి 25 బంగారు నాణేలు ఇమ్మని తనవాళ్లకు చెప్పాడు. కళ్లకు గంత తానే కట్టుకోబోయాడు, ముడి తనకు వెయ్యడం కుదరకపోతే సంఘసేవకులు ఇద్దరు వచ్చి వేశారు.

ఎనిమిదేళ్ల కిందట పారిపోయాడన్న నింద మోసిన మనిషి ఈయనే! ఈ ఎనిమిదేళ్లలో ఏం జరిగింది? అద్భుతమేమీ కాదు. ఉత్తరాలు రాశాడు, పేదలకు పెట్టాడు, పడినవాళ్ల కన్నీళ్లు విన్నాడు, రోగులకు సేవ చేయించాడు, శత్రువు కోసం ప్రార్థించడం నేర్పాడు. ఆ మామూలు రోజులే ఆయన్ని ఆ చివరి రోజుకు సిద్ధం చేశాయి. ఆ చివరి క్షణంలో కూడా గంత ముడి తనంతట తాను వేసుకోలేకపోయాడు. ఎంత గొప్ప విశ్వాసికైనా ఇంకొకరి చెయ్యి కావాలి. ఒంటరిగా నిలబడేవాడెవడూ లేడు. అందుకే దేవుడు సంఘాన్ని ఇచ్చాడు.

ఈ రోజు ఈ మాటలు చదువుతున్న వాళ్లలో, విశ్వాసం కారణంగా ఇంట్లో నుంచి బయటికి పంపేయబడినవాళ్లు ఉండవచ్చు. ఊళ్లో మాటలు ఆగిపోయినవాళ్లు, ప్రార్థన మందిరం తలుపులు పగలడం కళ్లారా చూసినవాళ్లు ఉండవచ్చు. మీకు బోధించే అర్హత హాయిగా కూర్చుని రాసేవాళ్లకు లేదు. ఒక్క సంగతి మాత్రం గుర్తుచెయ్యవచ్చు. మీరు వణకడం ప్రభువుకు కొత్త కాదు. గెత్సేమనేలో ఆయన చెమట రక్తబిందువుల్లా కారింది.

సుఖంగా ఉన్న మనకు ఈ రోజే పని ఉంది. ఈ వారం మన ముందుకు వచ్చే చిన్న చీటీ మీద సంతకం పెట్టకుండా ఉండటం నేర్చుకుందాం. మన సంఘంలో శ్రమలో ఉన్న కుటుంబం పేరు ప్రార్థనలో చదివి ఊరుకోకుండా వాళ్ల ఇంటికి వెళ్దాం. వాళ్ల బియ్యం డబ్బా, వాళ్ల పిల్లల ఫీజు కూడా చూద్దాం.

ఇక పడిపోయినవాళ్లు. భయంతోనో, పెళ్లి కోసమో, ఉద్యోగం కోసమో ఒకరోజు ‘ఆయనెవరో నాకు తెలియదు’ అనేసి, ఆ తర్వాత గుడి మెట్లెక్కడానికి ముఖం చెల్లక దూరంగా తిరుగుతున్నవాళ్లు. వీళ్లు మనం అనుకునేదానికన్నా ఎక్కువమందే. యోహాను సువార్తలో బొగ్గుల మంట రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి పేతురు బొంకిన రాత్రి, ప్రధాన యాజకుని ముంగిట్లో (18:18). రెండోది తిబెరియ సముద్రతీరాన, పునరుత్థానుడైన ప్రభువు చేపలు కాల్చి పేతురును భోజనానికి పిలిచిన ఉదయం (21:9). మూడుసార్లు కాదన్నవాణ్ణి మూడుసార్లు ‘నన్ను ప్రేమిస్తున్నావా?’ అని అడిగాడు. ఎందుకు కాదన్నావని ఒక్కసారి కూడా అడగలేదు. పైగా తన గొర్రెలను అతనికే అప్పగించాడు.

ఆ మంట ఇంకా ఆరలేదు. ఒడ్డున నిలబడినవాడు ఇంకా పిలుస్తూనే ఉన్నాడు. మీ పేరు ఏ చీటీ మీద ఉన్నా సరే, ఆయన దగ్గరకు రండి.